డెల్టా బడి పిల్లలతో మన్యం కొండలకు: రెండు రోజుల విజ్ఞాన యాత్రను పద్ధతిగా నడపడం ఎలా

కార్తీక మాసం వచ్చిందంటే డెల్టా బళ్లలో "ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం?" అన్న చర్చ మొదలవుతుంది. తూర్పు కనుమల్లోని మారేడుమిల్లి అని ఎవరో ఒకరు అంటారు. బస్సు ఎవరిది మాట్లాడాలి, రాత్రి ఎక్కడ ఉండాలి, గిరిజనుల ఊళ్లోకి వెళ్లొచ్చా, వాగులో దిగనివ్వొచ్చా అని టీచర్లు పదేపదే అడుగుతూనే ఉన్నారు. ఆ జవాబులన్నీ వరసగా ఇక్కడ పెట్టాను. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి ఒక బస్సు పిల్లలతో బయల్దేరే టీచర్ల కోసం రాసినది ఇది.

ఒక సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. రెండు రోజుల్లో ఒక వాగు, ఒక ఊరు, ఒక సంత చూస్తే చాలు. జలపాతాల పేర్లన్నీ లిస్టు రాసుకుని వెళ్తే పిల్లలకు గుర్తుండేది బస్సు కిటికీ ఒక్కటే.

1. ఎప్పుడు, ఎవరిని, ఎంతమందిని

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. జూలై నుంచి అక్టోబర్ దాకా వాగులు పొంగుతాయి, దోమలు, జలగలు ఎక్కువ. మార్చి దాటితే అడవి ఎండిపోతుంది, పిల్లలు ఎండకు నీరసపడతారు.

నవంబర్, డిసెంబర్ నెలల్లో వాయుగుండాల సంగతి తీరంలో ఉన్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అల్పపీడనం వార్త వస్తే యాత్ర వాయిదా వేయడమే. బస్సుకీ బసకీ అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, వానొస్తే తేదీ మార్చుకునేలా మాట్లాడుకోండి. డబ్బు పోతుందన్న బెంగ ఉంటే వానలో కూడా బయల్దేరదామనిపిస్తుంది.

శని, ఆదివారాలు వద్దు. డిసెంబర్, జనవరి వారాంతాల్లో మారేడుమిల్లి రోడ్డు కార్లతో నిండిపోతుంది. ఏ ఊళ్లో ఏ వారం సంతో ముందు కనుక్కుని, ఆ రోజు కలిసేలా తేదీలు పెట్టుకోండి.

8, 9 తరగతుల పిల్లలు సరైన వయసు. పదో తరగతిని కలపకండి, వాళ్లకు పరీక్షల టెన్షన్, ఇంట్లోవాళ్లకు అంతకంటే ఎక్కువ. ఒక బస్సుకు నలభై మంది చాలు. పదిమందికి ఒక పెద్ద మనిషి ఉండాలి, వాళ్లలో కనీసం ఇద్దరు మహిళా టీచర్లు.

2. కాగితాలు

నెల ముందు మొదలుపెడితే హడావుడి ఉండదు.

- హెడ్మాస్టర్ ఉత్తర్వు, ప్రభుత్వ బడి అయితే ఎంఈఓ, డీఈఓ అనుమతి
- తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం
- అందులోనే ఆరోగ్య వివరాలు: ఆయాసం, ఫిట్స్, అలర్జీలు, రోజూ వేసుకునే మందులు
- పిల్లల పేర్లు, ఇంటి ఫోన్ నంబర్ల జాబితా నాలుగు కాపీలు (ఒకటి బడిలో, ఒకటి బస్సులో, రెండు టీచర్ల దగ్గర)
- వెళ్లే చోటి పోలీస్ స్టేషన్‌కు సమాచార లేఖ
- అడవిలో నడక ఉంటే అటవీ శాఖ అనుమతి, స్థానిక గైడ్

అంగీకార పత్రంలో "ఎంత నష్టం జరిగినా బడికి బాధ్యత లేదు" అని రాయించుకునేవాళ్లు ఉన్నారు. ఆ వాక్యం ఎవర్నీ కాపాడదు, పైగా తల్లిదండ్రుల్ని భయపెడుతుంది. ఏ పూట ఎక్కడ ఉంటారో, ఏ ఆసుపత్రి దగ్గరో, ఎవరికి ఫోన్ చేయాలో ఆ జాగాలో రాయండి.

3. బస్సు, దారి

అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం దాదాపు 65 కిలోమీటర్లు. అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి మరో 85. ఆగుతూ వెళ్తే ఐదు గంటల పైమాటే. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి కొండ మీద ఉంటారు.

స్కూల్ బస్సునే తీసుకెళ్దామనుకుంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి. దాని పర్మిట్ పిల్లల్ని ఇంటి నుంచి బడికి చేర్చడానికి ఇచ్చినది, యాత్రకు విడిగా అనుమతి కావాలి. ఆర్టీసీ బస్సు అద్దెకు మాట్లాడుకోవడం తేలిక. ఏ బస్సైనా కొండదారిలో నడిపిన అలవాటున్న డ్రైవర్ కావాలని గట్టిగా అడగండి. చదునైన కాలువగట్టు రోడ్ల మీద ఎంత బాగా నడిపినా కొండ మలుపులు వేరు. డ్రైవర్‌కు రాత్రి మంచం, సరైన నిద్ర ఏర్పాటు చేయడం మీ పని. బస్సులోనే పడుకుంటాడులే అని వదిలేయకండి.

రంపచోడవరం దాటాక మలుపులు మొదలవుతాయి, వాటితోపాటే వాంతులు. పొద్దున్న పూరీ, బజ్జీ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. వాంతి గుణం ఉన్నవాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టి, ఫోన్లోకి, పుస్తకంలోకి చూడకుండా దూరంగా రోడ్డు మీదికి చూడమనండి. మాత్ర వేయాలంటే ముందే డాక్టర్ని అడిగి, ఇంట్లోవాళ్ల చేతే బయల్దేరే ముందు వేయించండి. కవర్లు ప్రతి సీటుకూ ఉంచండి.

గోకవరంలో ఆగి డీజిల్, తాగునీటి క్యాన్లు, బాత్రూమ్ పనులు పూర్తి చేసుకోండి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగే పని ఈ యాత్రలో పెట్టుకోవద్దు. చీకటి పడ్డాక కొండదారిలో బస్సు కదలకూడదు.

4. బస

మారేడుమిల్లిలో అటవీ శాఖ సాయంతో వన సంరక్షణ సమితులు నడిపే పర్యాటక వసతులు ఉన్నాయి. సమితిలో ఉండేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, గైడ్లూ వాళ్లలోంచే దొరుకుతారు కాబట్టి మొదట అక్కడ అడగండి. రెండు నెలల ముందు బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే రంపచోడవరంలో ఉండి పొద్దున్నే పైకి వెళ్లి సాయంత్రం దిగిపోండి. దూరం 30 కిలోమీటర్ల లోపే, ఏరియా ఆసుపత్రి కూడా అక్కడే ఉంది.

బుక్ చేసే ముందు ఎవరో ఒక టీచర్ స్వయంగా వెళ్లి చూసి రావాలి. చూడాల్సినవి: ఆడపిల్లల గదులకు లోపలి గడియ, బాత్రూముల సంఖ్య, రాత్రి లైటు, కిటికీలకు దోమల వల, వాగు ఎంత దూరంలో ఉంది. ఆ రోజే ఏ నెట్‌వర్క్ ఎక్కడిదాకా పనిచేస్తోందో రాసుకోండి. ఊరు దాటితే ఫోన్ మూగబోతుంది.

5. వారం ముందు బడిలో చేయాల్సిన మూడు పాఠాలు

చాలా బళ్లు దాటేసేది ఈ మెట్టే. ఏం చూడబోతున్నారో తెలియని పిల్లలు కొండ మీద సెల్ఫీలు తీసుకుంటారు, తెలిసినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు.

నీటి పాఠం. భారతదేశం పటం గోడకు తగిలించి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వేలితో ఎగువకు వెళ్లమనండి. కూనవరం దగ్గర శబరి కలుస్తుంది, ఆ శబరిలో అంతకు ముందే సీలేరు కలిసి వస్తుంది. దాళ్వా (రెండో పంట) రోజుల్లో గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిపోతే, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్లే మన కాలువల్ని ఆదుకుంటాయి. "మీ చేలోకి జనవరిలో వచ్చే నీళ్లు ఎక్కడివి?" అని ఇంట్లో అడిగి రమ్మనండి. బ్యారేజీ అని చెప్పి ఆగిపోయే పెద్దలే ఎక్కువ.

రాయి పాఠం. కోనసీమ పిల్లలకు రాయే వింత. మన మట్టి అంతా ఒండ్రు, ఎంత తవ్వినా గులకరాయి దొరకదు. ఎవరైనా అంతర్వేది వైపు వెళ్తే సముద్రపు ఒడ్డున నల్లచారలు పడ్డ ఇసుక గుప్పెడు తెప్పించండి. తెల్లకాగితం మీద పలచగా పరిచి కింద నుంచి అయస్కాంతం ఆడిస్తే కొన్ని నల్ల రేణువులు దానితోపాటు పాకుతాయి. మిగిలినవాటిని భూతద్దంలో చూస్తే ఎర్రగా, గులాబీ రంగులో మెరిసే గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది, గార్నెట్ అందులో ఉండే ఖనిజం. కొండ అరిగి, వాగుల్లో దొర్లి, గోదావరిలో పడి, మన బీచికి చేరింది. మారేడుమిల్లి దారిలో రోడ్డు కోసిన గట్ల దగ్గర ఆగినప్పుడు అదే ఎరుపు రాతిలో ఉందేమో పిల్లలే వెతుకుతారు. చూడటం, ఫోటో తీయడం వరకే. రాయి కొట్టి తేవడం వద్దని ముందే చెప్పండి.

ఆకు పాఠం. పాత పెళ్లిళ్లలో అడ్డాకు విస్తళ్లు ఉండేవని అమ్మమ్మలకు గుర్తు. ఆ అడ్డాకు, చింతపండు, తేనె, కుంకుడు, చీపుర్లు, నల్లజీడి, ఇవన్నీ కొండ నుంచి దిగే సరుకులే. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ వీటిని కొంటుంది. మన వంటింట్లో కొండ సరుకులు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకు రమ్మనండి. ఆ కాగితమే సంతలో పనికొస్తుంది.

6. సంచిలో ఏముండాలి

- నిండు చేతుల చొక్కాలు, పొడుగు ప్యాంట్లు, రెండు జతలు
- స్వెటర్, చెవులకు మఫ్లర్ (డిసెంబర్ చలి మన పిల్లలు ఎరగరు, "అక్కర్లేదు సార్" అంటారు, వినకండి)
- అరిగిపోని అడుగున్న బూట్లు, అదనంగా రెండు జతల సాక్సులు
- దోమల క్రీము, టార్చి, స్టీలు నీళ్ల సీసా, పళ్లెం, గ్లాసు
- నోటు పుస్తకం, పెన్సిల్ (పెన్ను తడిస్తే అలుక్కుపోతుంది)
- ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు, పాత కాగితం, కవర్లు. టీచర్ సంచిలోనూ అదనంగా

టీచర్ల పెట్టెలో: ప్రథమ చికిత్స సామాను, ఓఆర్ఎస్, థర్మామీటర్, సెల్లోటేపు, ఉప్పు పొట్లం, విజిళ్లు, ఇరవై మీటర్ల తాడు. సెల్లోటేపు ఎందుకంటే దూలగొండి కోసం. చలికాలంలో దాని కాయలు ఎండి నూగు రాలుతుంది, తగిలితే దురద భరించలేరు. గోకనివ్వకుండా టేపు అంటించి లాగి, తర్వాత నీళ్లతో కడగాలి. నల్లజీడి కాయను గిల్లితే వచ్చే రసం చర్మాన్ని కాలుస్తుంది. "గైడ్ చెప్పనిదే ఏ కాయా ముట్టుకోవద్దు" అన్న ఒక్క నియమంతో రెండింటి బెడదా తగ్గుతుంది.

7. మొదటి రోజు క్రమం

చేరగానే అడవిలోకి పరుగెత్తకండి. భోజనం, అరగంట విశ్రాంతి, తర్వాత గైడ్‌తో రెండు గంటల నడక. ఎక్కువ దూరం నడిపించక్కర్లేదు. పదిమంది జట్టుకు ఒక చెట్టు అప్పగించి, పావుగంట దాని దగ్గరే ఉంచండి: బెరడు ఎలా ఉంది, కింద ఏం రాలింది, ఎవరు తిన్న గుర్తులున్నాయి, కొమ్మల్లో ఏం కదిలింది. మద్ది, టేకు, వెదురు, తాని, ఇప్ప, గైడ్ ఏ పేరు చెబితే ఆ పేరే రాసుకోమనండి. అడవిలో పెద్ద ఉడుత కనిపిస్తే అదృష్టం. పులి కోసం వెతికే పిల్లలకు కోతులు తప్ప ఏమీ కనిపించవు, ఆ కోతులకు బిస్కెట్లు విసరనివ్వకండి.

చీకటి పడ్డాక బస ముందు లైట్లన్నీ ఆపి పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టండి. విన్న ప్రతి శబ్దానికీ పుస్తకంలో ఒక గీత. ఫ్యాను, టీవీ, మోటారు చప్పుడు లేని రాత్రి చాలామంది పిల్లలకు అదే మొదటిది. మొదటి మూడు నిమిషాలు నవ్వుతారు, తర్వాత వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు.

8. వాగు దగ్గర

దీన్ని రెండుసార్లు చదవండి.

మన పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు చాలామంది. కాలువలో, చెరువులో నేర్చిన ఈత అది. కాలువలో నీరు ఒకే వేగంతో నడుస్తుంది, అడుగున మెత్తటి మట్టి, పట్టుకోవడానికి గట్టు. కొండవాగులో అడుగంతా పాచి పట్టిన బండలు. మోకాలి లోతు పక్కనే నిలువు లోతు గుంట ఉంటుంది. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. అందుకే ఈత రానివాడికంటే వచ్చినవాడి మీద ఎక్కువ కన్నుంచండి. 2024 సెప్టెంబర్‌లో మారేడుమిల్లి జలతరంగిణి జలపాతం దగ్గర వైద్య విద్యార్థులే కొట్టుకుపోయారు.

నియమాలు ఇవి:

- స్నానం లేదు, ఈత లేదు. ఎవరు బతిమాలినా లేదు
- గైడ్ చూపించిన చోట, చీలమండ లోతు దాకా, పదిమంది చొప్పున
- పై వైపు ఒక టీచర్, కింది వైపు తాడుతో ఇంకొకరు
- నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా విజిల్, అందరూ గట్టు మీదికి
- జలపాతం అంచుకూ, బండల మీదికీ ఫోటో కోసం ఎవరూ వెళ్లకూడదు. టీచర్లు కూడా

చేయాల్సిన పని: రెండు సీసాలు తీసుకోండి. ఒకటి ఇంటి దగ్గర కాలువ నీళ్లతో నింపి తెచ్చినది, రెండోది వాగు నీళ్లతో నింపేది. పక్కపక్కన పెట్టి అడుగున దిగిన మట్టి పోల్చమనండి. గులకరాళ్లు ఎందుకు గుండ్రంగా ఉన్నాయో అప్పుడు అడిగితే రాయి పాఠం గుర్తొస్తుంది.

9. ఊళ్లోకి వెళ్లడం

కొండరెడ్లు, కోయలు, ఇంకా ఇతర గిరిజనులు ఉండే ఊళ్లు ఇవి. వాళ్లను "చూడటానికి" వెళ్లే యాత్ర అయితే వద్దు. మన వీధిలోకి నలభై మంది దిగి, వంటింట్లోకి తొంగిచూసి ఫోటోలు తీస్తే మనం ఊరుకుంటామా?

దారి ఏమిటంటే, అక్కడి బడి టీచర్ ద్వారా వెళ్లండి. నెల ముందు ఫోన్లో మాట్లాడి, ఊరి పెద్దల్ని అడిగించి, వాళ్లకు వీలైన పూట ఖాయం చేసుకోండి. పోడు పనులుంటే, ఎవరైనా పోయి ఉంటే, పండుగ ఆంక్షలుంటే వద్దంటారు. సరేనని వెనక్కి రావడమే.

వెళ్లాక మొదటి గంట అక్కడి పిల్లలతో ఆటలకే ఇవ్వండి. కబడ్డీకి పరిచయాలు అక్కర్లేదు. మన పిల్లల "ఆయ్" విని వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత కలిసి తినడం. చాక్లెట్లు పంచడం, పాత బట్టల మూటలు దించడం మానండి. చుట్టాలింటికి వెళ్తే ఏం పట్టుకెళ్తామో అదే పట్టుకెళ్లండి: కొబ్బరికాయలు, ఆత్రేయపురం పూతరేకులు. అందరూ ఒకే వరసలో కూర్చుని తినాలి.

రెండో గంట ఒక పని దగ్గర. వెదురు అల్లే ఇల్లు దొరికితే అంతకంటే మంచి తరగతి లేదు. కత్తి మొన ఒక్కసారి దించి, గెడను అటూ ఇటూ వంచుతూ ఒకే మందంతో బద్ద చీలుస్తారు. చేతిలో కొలబద్ద ఉండదు. ఇద్దరు పిల్లలకు మెత్తటి బద్దలిచ్చి చేట అడుగు అల్లమంటే, మూడో వరసకే ఎందుకు వదులవుతోందో వాళ్లే అడుగుతారు. ఆ మనిషి పూట పని ఆగింది కాబట్టి కూలి ఇవ్వాలి. ఎంతో ముందే మాట్లాడుకోండి. అల్లిన వస్తువు కొంటే బేరమాడకండి.

పిల్లలకు నేర్పాల్సిన ప్రశ్నలు: సామలు ఏ నెలలో చల్లుతారు? వెదురు ఎప్పుడు కోస్తే పురుగు పట్టదు? ఈ కొండ మీద నీళ్లు ఎండాకాలం ఎక్కడ దొరుకుతాయి? అడగకూడనివి: మీకు టీవీ ఉందా, మీరు ఏ జంతువులు తింటారు. పెద్దవాళ్లను తాతా, అమ్మా, అక్కా, అన్నా అని, "మీరు" అని పలకరించాలి.

కొత్త పంటను దేవతకు పెట్టకముందు ముట్టని పద్ధతి అక్కడ ఉంది. మామిడికీ అంతే, మామిడి పండుగ అయ్యాకే కాయ తింటారు. ఎవరైనా ఏదైనా వద్దంటే బలవంతం చేయొద్దు. ఊరి దేవత ఉన్న చోట చెప్పులతో నడవడం, ఫోటో తీయడం అడగకుండా చేయకూడదు. జీలుగు కల్లు కుండ కనిపిస్తే, ఆ చెట్టు మన తాడిచెట్టుకు చుట్టమని చెప్పి కదిలిపోండి.

10. సంత

జట్టుకు వంద రూపాయలివ్వండి. వారం ముందు రాసిన వంటింటి జాబితాలోంచి ఒక కొండ సరుకు కొనాలి, దాన్ని ఎవరు తెచ్చారు, ఎంత దూరం నుంచి, ఏ కొలతతో అమ్ముతున్నారు అన్నది రాసుకోవాలి. ఇంటికెళ్లాక అదే సరుకు అమలాపురం కొట్లో ఎంతో చూడాలి. లెక్కల మాస్టారికి నెలకు సరిపడా లెక్కలు దొరుకుతాయి.

బొంగు చికెన్ పిల్లలు అడుగుతారు. కళ్లముందు కాల్చి, లోపలిదాకా ఉడికిందని చూశాకే పెట్టండి. నలభై మందికి ఒకేసారి ఆర్డర్ ఇస్తే తొందరలో సగం ఉడికినవి వస్తాయి.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

గుడిస కూడా కలపడం: సూర్యోదయం కోసం అర్ధరాత్రి లేచి జీపుల్లో వెళ్లే చోటు అది. పిల్లల యాత్రకు పనికిరాదు, వదిలేయండి.

పాపికొండల బోటును కలపడం: అది వేరే దారి, వేరే రోజు, వేరే జాగ్రత్తలు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. వెళ్లాలనుకుంటే ఇంకో ఏడాది దానికోసమే వెళ్లండి.

లెక్క తప్పడం: బస్సు ఎక్కినప్పుడు తలలు లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి తేడా వస్తుంది. ఇద్దరిద్దరి జోడీలు కట్టండి. "నీ జోడీ ఉన్నాడా?" అని అడిగితే నిమిషంలో తేలుతుంది.

ఫోన్లు: పిల్లలవి ఇంట్లోనే. జట్టుకు ఒక ఫోన్ టీచర్ దగ్గర. రాత్రి 8 గంటలకు "అందరూ క్షేమం" అన్న ఒక్క సందేశం తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాలి, సిగ్నల్ లేని చోటైతే పెట్టలేమని ముందే చెప్పాలి.

చెత్త: తెచ్చిన ప్రతి కవరూ గోనెసంచిలో తిరిగి బస్సెక్కాలి. అక్కడి డబ్బాలో వేసినా కోతులు లాగేస్తాయి.

12. తిరిగొచ్చాక

రెండో రోజు మధ్యాహ్నం 1 గంటకల్లా బయల్దేరండి. వెలుగుండగానే గోకవరం దాటేస్తే మిగతా దారి మామూలే.

వారంలోపు ఒక ప్రదర్శన: సీసాలు, చెట్టు పుటలు, సంత లెక్కలు. ఊళ్లో తీసిన ఫోటోలు ప్రింటు వేయించి అక్కడి బడికి పోస్టులో పంపండి. పంపుతామని చెప్పి మరిచిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే తర్వాత వెళ్లే బడికి తలుపు తెరుచుకోదు. ఖర్చుల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి.

జ్వరం సంగతి మరిచిపోకండి. మన్యంలో మలేరియా ఉంది, కుట్టిన వారం పది రోజుల తర్వాతగానీ జ్వరం రాదు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. అప్పటికి యాత్ర సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. నెల రోజుల పాటు హాజరు పిలిచేటప్పుడు, రాని పిల్లల ఇంటికి ఫోన్ చేసి జ్వరమా అని అడగండి. అవునంటే అదే రోజు రక్తపరీక్ష చేయించమని, "మారేడుమిల్లి వెళ్లొచ్చాడు" అని డాక్టరుకు ముందే చెప్పమని చెప్పండి.